అప్పజెప్పిన చదువు

శివరాత్రికి చలి "శివశివా" అంటూ వెళ్ళిపోయిందో లేదో, పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ మరో జ్వరం మొదలవుతుంది. అదే పరీక్షల జ్వరం. పదో తరగతి పిల్లో పిల్లాడో వున్న ఇంట్లో టీవీ గొంతు పడిపోతుంది. చుట్టాలు వస్తామంటే "ఏప్రిల్లో రండి, తీరిగ్గా వుందురుగాని" అంటాం. రాత్రి పదకొండు గంటలకి తల్లి పాలగ్లాసు పట్టుకుని గదిలోకి తొంగి చూస్తుంది. పుస్తకం తెరిచి వుందా? వుంది. కళ్ళు దానిమీదే వున్నాయా? వున్నాయి. హమ్మయ్య, చదువు సాగుతోందన్న మాట!

పుస్తకం తెరిచి వున్నంత మాత్రాన పాఠం బుర్రలోకి వెళుతోందని నమ్మకం ఏమిటి చెప్పండి? పొయ్యి మీద గిన్నె వున్నంత మాత్రాన అన్నం ఉడికిందని మనం నమ్ముతామా? ఒక మెతుకు పట్టి చూస్తాం. చదువు విషయంలో మాత్రం ఈ మెతుకు పట్టి చూడడం అనేదాన్ని మనం ఎందుకో మానేశాం. మన పెద్దవాళ్ళు మానలేదు. వాళ్ళకి "చదివేశాను" అన్నమాట చాలేది కాదు. "ఏదీ, అప్పజెప్పు" అనేవారు.

ఈ అప్పజెప్పడం అనే మాట ఎంత చక్కని మాటో ఎప్పుడైనా గమనించారా? ఊరెళుతూ తాళాలు పక్కింటావిడకి అప్పజెబుతాం. దాచమని ఇచ్చిన సొమ్ము తిరిగి అప్పజెబుతాం. పెళ్ళిలో పిల్లని అప్పజెప్పడానికైతే ఒక తంతే వుంది, కన్నీళ్ళతో సహా. ఒకరు మన చేతిలో పెట్టిన వస్తువుని చెక్కు చెదరకుండా తిరిగి ఇంకొకరి చేతిలో పెట్టడం అన్నమాట. పాఠం కూడా అలాంటిదేనని మనవాళ్ళ లెక్క. గురువు ఇచ్చాడు, శిష్యుడు పుచ్చుకున్నాడు. పుచ్చుకున్నట్టు రుజువేమిటి? తిరిగి ఇవ్వగలగడమే రుజువు. ఇవ్వలేకపోతే నీ దగ్గర లేనట్టే లెక్క!

ఏదో పాతకాలపు చాదస్తం అనుకోకండి. మన వీధిబడుల్లో ఇది ఎలా సాగేదో దాదాపు రెండువందల ఏళ్ళ కిందటే ఒక ఇంగ్లీషు దొర కాగితం మీద పెట్టాడు. ఆ కథ చెబుతాను.

1822లో మద్రాసు గవర్నరుగా వున్న సర్ థామస్ మన్రోకి ఒక ఆలోచన వచ్చింది. మనం పరిపాలిస్తున్న ఈ దేశంలో బడులెన్ని వున్నాయి, ఎంతమంది చదువుతున్నారు, ఏం చదువుతున్నారు అన్నది మనకి తెలియనే తెలియదే అని. వెంటనే జిల్లా కలెక్టర్లందరికీ తాఖీదులు వెళ్ళాయి. లెక్కలన్నీ చేరేసరికి కొన్నేళ్ళు పట్టింది. 1826లో మన్రో తేల్చిన లెక్క ప్రకారం మద్రాసు రాజధాని మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు వున్నారు.

చాలామంది కలెక్టర్లు అంకెలు పంపి ఊరుకున్నారు. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ మాత్రం బడి లోపలికి తొంగి చూసి మరీ రాశాడు. ఆయనకి తెలుగు బాగా వచ్చు. 1816లోనే తెలుగుకి వ్యాకరణం రాసిన మనిషి. అప్పటి బళ్ళారి జిల్లా అంటే నేటి అనంతపురం ప్రాంతం కూడా అందులోదే. 1823 ఆగస్టులో ఆయన పంపిన నివేదిక ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో 226 తెలుగు బడులు.

ఐదో ఏడు రాగానే పిల్లాడిని బడిలో వేసేవారట. అయ్యవారినీ బడిపిల్లలనూ ఇంటికి పిలిచి, వినాయకుడి బొమ్మ చుట్టూ కూర్చోబెట్టి, పిల్లాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయించేవారు. మన అక్షరాభ్యాసమే. బడి పొద్దున్న ఆరింటికే మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. అది గౌరవం. రెండో వాడి చేతిలో సున్నా. అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడో వాడికి చిన్న దెబ్బ ఒకటి, నాలుగో వాడికి రెండు. అలా ఎంత వెనకొస్తే అన్ని! అందరికంటే ఆఖర్న వచ్చేవాడి సంగతి తలుచుకుంటే ఇవాళ్టికీ నా అరచెయ్యి చురుక్కుమంటుంది.

అల్లరి చేసినవాళ్ళకీ, బద్ధకస్తులకీ వేరే శిక్షలు. చేతులు తాడుకి కట్టి పైకప్పు నుంచి వేలాడదీయడం ఒకటి. మన పెద్దవాళ్ళు కోదండం అనేవారే, అదే. రెండోది కూర్చుని లేస్తూ కూర్చుని లేస్తూ వుండడం, అంటే గుంజీలు. గుంజీల గురించి కాంప్‌బెల్ దొర, నొప్పీ ఆయాసమూ మాట ఎలా వున్నా ఒంటికి మంచిదేనేమో అని కూడా అన్నాడు. తీసే వాడినడిగితే తెలిసేది!

ఈ దెబ్బలూ కోదండాలూ పోయినందుకు సంతోషించవలసిందే. కానీ అదే నివేదికలో ఆయన మెచ్చుకున్న సంగతి ఒకటుంది. పిల్లలు మొదట వేలితో ఇసుకలో అక్షరాలు రాసేవారు. రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం. కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు. పై తరగతుల వాళ్ళకి అయ్యవారు స్వయంగా చెప్పేవారు. కింది తరగతులని పెద్దపిల్లలకి ఒప్పగించేవారు. అలా చిన్నవాళ్ళకి చెప్పడంలో ఈ పెద్దపిల్లల చదువు కూడా గట్టిపడుతుందని కాంప్‌బెల్ గమనించాడు. ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించిందంటే అనుకరించదగ్గదేనని కూడా ఒప్పుకున్నాడు.

ఇంగ్లండు మన బడిని అనుకరించడం ఏమిటంటారా? అది నిజంగానే జరిగింది. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల కోసం పెట్టిన శరణాలయానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు అధికారిగా వచ్చాడు. ఒకరోజు పొద్దున్న గుర్రం మీద వెళుతూ ఒక నాటు బడి చూశాడు. పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేళ్ళతో రాస్తున్నారు. ఆయనకి ఆ పద్ధతి తెగ నచ్చేసింది. తన బడిలో కూడా పెట్టమంటే అక్కడి ఉపాధ్యాయులు కుదరదన్నారు. అయితే మీరు వద్దులెండని, ఎనిమిదేళ్ళ కుర్రాడు జాన్ ఫ్రిస్కెన్‌ని చిన్నవాళ్ళకి అక్షరాలు నేర్పమన్నాడు. వాడు నేర్పేశాడు! బెల్ స్వదేశం వెళ్ళి 1797లో ఈ సంగతంతా పుస్తకంగా వేశాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు వచ్చి, ఇంగ్లండులో ఎన్నో బడులు ఆ పద్ధతిలో నడిచాయి. బెల్ విడిచి వెళ్ళిన డబ్బుతో ఆయన సొంత ఊరు సెయింట్ ఆండ్రూస్‌లో పెట్టిన బడిని నేటికీ మద్రాస్ కాలేజ్ అనే అంటారు. స్కాట్లండు చలిలో మన మద్రాసు పేరు!

అయితే మనవాళ్ళ పద్ధతిలో అంతా బంగారమేనా అంటే, కాదు. ఆ కాంప్‌బెల్ దొరే ఒక చురక కూడా వేశాడు. బడుల్లో చెప్పే పుస్తకాలు పద్యాలు, ఆ భాష వేరు, పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష వేరు. పిల్లాడు వందల పద్యాలు గడగడా అప్పజెబుతాడు, అర్థం మాత్రం చిలక్కి తెలిసినంతే తెలుసునని. ఒప్పుకోక తప్పదు. అప్పజెప్పిన మూటలో ఏముందో విప్పి చూడని అప్పగింత అది.

ఇంకోటి కూడా వుంది. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు ఎంతమందో తెలుసునా? అరవై. అంతే. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైమాటే. ఆ అరవై మంది ఎవరో, ఏ ఊళ్ళ వాళ్ళో, వాళ్ళ అరచేతుల్లో ఏ పొద్దునైనా సరస్వతి పేరు పడిందో లేదో మనకి తెలిసే దారి లేదు. నాకు మాత్రం ఆ నివేదికలో మిగిలిన అంకెలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క అంకె ఒక ఎత్తు.

తరవాత కాలం మారింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. దానితో మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చింది. అంతవరకూ చదువు నోటితో అప్పజెప్పేది, ఇప్పుడు కాగితం మీద రాసేదయింది. అంతవరకూ ప్రతిరోజూ అప్పజెప్పేది, ఇప్పుడు ఏడాదికొకసారి అప్పజెబితే చాలు. ఇక్కడే వచ్చింది చిక్కు. పాఠశాలలో అచ్చుపుస్తకాలు పెరిగాయి. పుస్తకం చేతిలో వుంటే చదువు మన దగ్గర వున్నట్టే అనిపిస్తుంది. పరీక్ష దగ్గర పడేదాకా చూడకుండా వుండి, ఆ చివరి పదిరోజులూ తెల్లవార్లూ చదివి, దాన్ని చదువు అనుకోవడం అలా అలవాటైంది. ఆ తరవాత గైడ్లు వచ్చాయి, ముఖ్యమైన ప్రశ్నలు వచ్చాయి, రంగురంగుల పెన్నులతో వాక్యాల కింద గీతలు వచ్చాయి. పుస్తకం నిండా పచ్చ రంగే! చూస్తే పొలంలా వుంటుంది. పంట ఏమాత్రమో మార్చిలో తెలుస్తుంది.

మరి రోజూ కాస్త కాస్త అప్పజెప్పడంలో గొప్ప ఏమిటి? దీన్ని మొదట లెక్కగట్టినవాడు జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే పండితుడు. ఈయన పట్టుదల చూస్తే మన వేదపండితులు గుర్తొస్తారు. అర్థంపర్థం లేని చిన్న చిన్న ముక్కలు రెండువేల పైచిలుకు తయారు చేసుకుని, వాటిని వరసలు వరసలుగా తనకు తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నానా అని కొన్నేళ్ళు కూర్చుని లెక్కలు వేసుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. 1885లో ఆ లెక్కలన్నీ పుస్తకంగా వేశాడు.

ఆయన లెక్క చూస్తే మన పిల్లల మీద మనకి జాలి కలుగుతుంది. నేర్చుకున్నదాన్ని మళ్ళీ నేర్చుకోవలసి వస్తే పాత శ్రమ ఎంత కలిసివస్తుంది అన్నది ఆయన కొలత. గంట గడిచేసరికి సగం కూడా కలిసిరాలేదు, 44 వంతులే నూటికి. ఒకరోజు గడిస్తే మూడోవంతు. కానీ అక్కణ్ణుంచి జారుడు నెమ్మదిస్తుంది. నెల తరవాత కూడా ఐదోవంతు మిగిలే వుంది. అంటే మరుపు అనేది మొదటి రోజునే దోచుకుపోయే దొంగ. తాళం మొదటి రోజునే వేసుకోవాలి. నెల తరవాత వేసి లాభం లేదు.

ఆయనే ఇంకో లెక్క తీశాడు. ఒకే రోజున 68 సార్లు వల్లెవేస్తే ఎంత నిలిచిందో, మూడు రోజుల మీద పంచి 38 సార్లు వల్లెవేసినా దాదాపు అంతే నిలిచింది. దాదాపు సగం శ్రమతో అదే ఫలం! అప్పడాల పిండి ఒక్కసారే బాది పారేస్తే కుదురుతుందా? నాననివ్వాలి, మళ్ళీ బాదాలి. చదువూ అంతే.

ఈ సంగతి మన అవధానులకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అష్టావధానాలూ శతావధానాలూ చేసి తెలుగుదేశాన్ని ఉర్రూతలూగించిన రోజుల గురించి మీరు విని వుంటారు. అవధానం ఎప్పుడైనా చూసి వుంటే ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు. అవధాని పద్యమంతా ఒకేసారి చెప్పడు. ఒక పాదం చెప్పి రెండోవాడి దగ్గరికి వెళతాడు, అక్కడ ఇంకో పాదం. ఈలోగా ఒకాయన గంట కొడుతూ వుంటాడు, ఇంకొకాయన అప్రస్తుత ప్రసంగంతో కాలు అడ్డం పెడుతూ వుంటాడు. అలా చుట్టు తిరిగి మళ్ళీ మొదటివాడి దగ్గరికి వచ్చేసరికి, మొదట చెప్పిన పాదాన్ని మనసులోంచి తీసి దానికి రెండోది అతకాలి. నాలుగు చుట్లు తిరిగేసరికి పద్యం పూర్తవుతుంది. చివర్న ధారణ. అంటే పద్యాలన్నీ ఏకబిగిన అప్పజెప్పడం. సభంతా చప్పట్లు.

చప్పట్లు ధారణకి కొడతాం గానీ, ధారణ అంతకు ముందే జరిగిపోయింది. ప్రతి చుట్టులోనూ కాస్త మరవడానికి వ్యవధి ఇచ్చి, మళ్ళీ వెతికి తీయడంలోనే ఆ పద్యాలు గట్టిపడ్డాయి. అవధానిది పుట్టుకతో వచ్చిన మేధే కావచ్చు, కాదనను. కానీ ఆ చుట్లు తిరగడం మాత్రం ఎవరైనా చేయదగ్గ పనే.

మన భాషలో ఏకసంథాగ్రాహి అని ఒక మాటుంది. గురువు చెప్పే పాఠానికి సంథ అని పేరు. ఒక్క సంథతో గ్రహించేవాడు ఏకసంథాగ్రాహి. అలాంటి వాళ్ళు ఎక్కడో నూటికో కోటికో వుంటారు. కాబట్టే వాళ్ళకి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టుకున్నాం. మిగిలిన వాళ్ళందరి కోసమూ వల్లె వేయడం వుంది. వేదం చెప్పేవారైతే దాన్ని ఒక శాస్త్రమే చేశారు. వాక్యాన్ని పదాలుగా విడగొడితే పదపాఠం. ఒకటి రెండు, రెండు మూడు, అలా జంటలుగా అతికితే క్రమం. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అంటూ ముందుకీ వెనక్కీ అల్లితే జట. దానికి మూడో పదం కూడా చేర్చి అల్లితే ఘన. ఆ ఘన వచ్చినవాడే ఘనపాఠి. ఒక్క స్వరం పోకుండా వేల ఏళ్ళు కాపాడినందుకు 2003లో యునెస్కో కూడా ఈ వేదపఠన సంప్రదాయాన్ని గౌరవించింది. అయితే అదంతా శబ్దాన్ని కాపాడడానికి పుట్టిన ఏర్పాటు. మన పిల్లల భౌతికశాస్త్రానికి శబ్దం కాదు, అర్థం కావాలి. ఘనపాఠిలా న్యూటన్ సూత్రాన్ని వెనకనుంచి చెప్పనక్కర్లేదు లెండి.

మరి అర్థం వున్న పాఠాల సంగతేమిటి? అదీ చూశారు. 1917లో అమెరికాలో ఆర్థర్ గేట్స్ అనే ఆయన బడిపిల్లల మీద ప్రయత్నించి చూశాడు. చదవడానికి ఇచ్చిన సమయంలో సగానికి పైగా పుస్తకం వదిలి తమకు తాము చెప్పుకున్న పిల్లలకి, మొత్తం సమయం చదువుతూ కూర్చున్న పిల్లలకంటే ఎక్కువ గుర్తుంది. 1939లో హెర్బర్ట్ స్పిట్జర్ అనే ఆయన అయొవా రాష్ట్రంలో 91 బడుల్లో మూడువేల ఆరువందల పైచిలుకు ఆరో తరగతి పిల్లలకి చిన్న వ్యాసాలు చదవడానికి ఇచ్చాడు. ఏమిటవి అనుకున్నారు? వేరుసెనగ గురించీ, వెదురు గురించీ! చదివిన వెంటనే చిన్న పరీక్ష పెట్టిన పిల్లలకి వారాల తరవాత కూడా బాగా గుర్తుంది. ఊరికే చదివి వదిలేసిన వాళ్ళు మరిచిపోయారు. పరీక్ష అంటే కొలిచే కుంచం మాత్రమే కాదు, నింపే చెయ్యి కూడా అని అర్థమైంది.

2006లో ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు, రోడిగర్, కార్పికే అనేవాళ్ళు, కాలేజీ పిల్లలతో చేసిన ప్రయోగం ఇంకా ముచ్చటైనది. ఒక భాగాన్ని కొందరు రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చదవడానికి బదులు గుర్తున్నంతా రాశారు. ఐదు నిమిషాల తరవాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళదే గెలుపు. నూటికి 81 వాళ్ళకి, వీళ్ళకి 75. వారం ఆగి అడిగితే కథ తిరగబడింది. చదివినవాళ్ళకి 42, రాసినవాళ్ళకి 56! తమాషా ఏమిటంటే, దాని తరవాత చేసిన ఇంకో ప్రయోగంలో మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే తమకి బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పారు.

ఇక్కడే వుందండీ అసలు కిటుకు. రెండోసారి చదువుతుంటే అంతా తెలిసినట్టే వుంటుంది. రోజూ వీధిలో కనిపించే మనిషి ముఖం తెలిసినట్టే. పేరేమిటని అడిగితే తెల్లమొహం వేస్తాం. తెలిసినట్టుండడం వేరు, తెలియడం వేరు. పుస్తకం మూసి చెప్పమంటే పిల్లలు విసుక్కునేది అందుకే. తప్పులు బయటపడతాయి, తెలియదని తెలుస్తుంది. ఆ కష్టమే అసలు చదువు. అందుకే సులువుగా సాగిపోతున్న చదువును చూసి మురిసిపోవలసిన పనిలేదు. కాస్త తడుముకుంటున్నాడంటే కంగారు పడవలసిన పనీ లేదు.

మా అమ్మమ్మకి చదువు రాదు. సంతకం చేయడం మాత్రం నేర్చుకుంది. కానీ మా మేనమామల పాఠాలన్నీ సాయంత్రం అమ్మమ్మకే అప్పజెప్పాలి. వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, పుస్తకం ఒళ్ళో మూసి పెట్టుకుని "ఊఁ, చెప్పరా నాన్నా" అనేది. అందులో ఏముందో ఆవిడకి తెలియదు. కానీ గొంతు ఎక్కడ తడబడిందో ఇట్టే పట్టేసేది. "అక్కడేదో మింగావురా, మళ్ళీ చెప్పు" అనేది. ఎదురు ప్రశ్న కూడా వేసేది. "ఆ అశోకుడు యుద్ధం గెలిచాక ఏడవడం ఏమిట్రా? నాకు అర్థమయ్యేలా చెప్పు." అర్థమయ్యేలా చెప్పబోతే గానీ తనకి అర్థం కాలేదని మా మామయ్యకి తెలిసేది కాదట. కాంప్‌బెల్ దొర బాధపడ్డ చిలకపలుకుల జబ్బుకి అమ్మమ్మ దగ్గర అలా మందుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, "మాకా లెక్కలు రావు, ఇంగ్లీషు మీడియం పాఠాలు మాకేం అర్థమవుతాయి, ట్యూషనుకి పంపడం తప్ప మేమేం చేయగలం" అనే తల్లుల్ని రోజూ వింటున్నాను. పాఠం చెప్పాలంటే చదువు రావాలి గానీ, అప్పజెప్పించుకోవడానికి చెవులూ, ఓపికా చాలు. పుస్తకం మీ చేతిలో వుండాలి, పిల్ల చేతిలో కాదు. అదే నియమం.

ఈ చరిత్రంతా తిరగేశాక ఇంట్లో పనికొచ్చే నాలుగు ముక్కలు మిగిలాయి. ఇవాళ బడిలో చెప్పింది ఇవాళే సాయంత్రం పుస్తకం మూసి చెప్పించండి, పది నిమిషాలు చాలు. దాన్నే మర్నాడొకసారి, వారానికొకసారి, నెలకొకసారి అడగండి. మరిచిపోయింది కదా అని కసరకండి. మరిచిపోయి గుర్తు తెచ్చుకున్నదే గట్టిగా నిలుస్తుంది. ఒకే పాఠాన్ని పట్టుకుని పూటంతా కూర్చోనివ్వకండి, అవధానిలా చుట్లు తిప్పండి. కాసేపు లెక్కలు, కాసేపు సాంఘికశాస్త్రం, మళ్ళీ లెక్కలు. ఇంట్లో చిన్నవాళ్ళుంటే పెద్దవాళ్ళ చేత పాఠం చెప్పించండి. చిన్నవాడికి వచ్చినా రాకపోయినా పెద్దదానికి వచ్చి తీరుతుంది. పాత ప్రశ్నపత్రం ముందు పెట్టి పుస్తకం చూడకుండా రాయమనండి. తప్పులు చూసుకోవడానికి అప్పుడు పుస్తకం తెరవనివ్వండి.

ఇక ఆ పదకొండు గంటల పాలగ్లాసు సంగతి. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు అమెరికా పండితులు ఇద్దరు విద్యార్థులతో ఎబ్బింగ్‌హౌస్ లాంటి ముక్కలే బట్టీ పట్టించి, నిద్రపోయి లేచాక కొన్నిసార్లు, మేలుకునే వుండగా కొన్నిసార్లు అడిగారు. అన్ని గంటలే గడిచినా, నిద్రపోయినప్పుడే ఎక్కువ గుర్తుంది. పడుకున్న పిల్ల చదువు మానేసినట్టు కాదన్నమాట. రాత్రి పాలగ్లాసు ఇవ్వండి. కానీ పది గంటలకే ఇచ్చి, దీపం ఆర్పేయండి.

ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోమని కోరుతున్నాను. పరీక్షల రోజుల్లో పిల్లాడి గది తలుపు దగ్గరికి వేసి "వాడు చదువుకుంటున్నాడు, మాట్లాడకండి" అంటాం. అదే ఆడపిల్ల చదువుకుంటుంటే "కాస్త ఆ గిన్నెలు సర్దిపెట్టి పోవే" అనడం ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో వినిపిస్తూనే వుంది. బళ్ళారి జిల్లాలో ఆనాడు అరవై మందే ఎందుకున్నారో ఆలోచిస్తే, ఆ ఒక్క పిలుపులో కొంత జవాబు దొరుకుతుంది. ఇవాళ బడికి వెళ్ళే ఆడపిల్లలకి లోటు లేదు. కానీ ఆ పిల్ల పుస్తకం మూసి తనలో తాను గుర్తు తెచ్చుకుంటున్న ఆ పది నిమిషాలు, బయటికి చూస్తే ఊరికే గోడకేసి చూస్తున్నట్టే వుంటుంది. ఊరికే కూర్చుంది కదా అని పిలవబుద్ధి వేస్తుంది.

పిలవకండి. గిన్నెలు ఎక్కడికీ పోవు. ఆ పిల్ల ఆ నిమిషంలో, రెండువందల ఏళ్ళుగా మనం దానికి బాకీ పడిన చదువును తనకు తాను అప్పజెప్పుకుంటోంది.